పసుపు కనెక్టర్లు, పెద్దనాయిన అతుకులు

ఆ రోజుల్లో నాకు మనుషులు రెండు రకాలుగా కనిపించేవాళ్లు. వైరుకీ వైరుకీ మధ్య ఏ కనెక్టర్ పెట్టాలో తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు. మొదటి రకంలో మా గల్లీ మొత్తానికి నేనొక్కదాన్నే ఉండేదాన్ని కాబట్టి నాకు గర్వమూ ఎక్కువే, ఒంటరితనమూ ఎక్కువే. సోలాపూర్‌లో మాది నేతవాళ్ల గల్లీ. తెల్లారితే తువ్వాళ్లు నేసే సాంచాల, అంటే కరెంటు మగ్గాల, చప్పుడు మొదలవుతుంది, దాని మీదుగా అరిచి మాట్లాడుకోవడం అలవాటై మావాళ్లు గుడిలో కూడా అరిచే మాట్లాడతారు. ఆ చప్పుడు మధ్య, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి, ఉద్యోగమంటూ ఏదీ రాక, మా ముందుగదిలో కిటికీ కింద ఒక బల్ల వేసుకుని, పాడైన ఫ్యాన్లూ రేడియోలూ విప్పుకుంటూ నేను కూర్చునేదాన్ని. (విప్పినవన్నీ తిరిగి బిగించానని అనను. ఆ సంగతి ఇప్పుడెందుకు.)

మా అమ్మ బీడీలు చుట్టేది. వాకిట్లో గోడకు ఆనుకుని, చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ తంబాకు దూర్చి చుడుతూ ఉంటే ఆమె వేళ్లు కనిపించేవి కావు. నా చదువు నా బల్ల మీద ఇలా ముక్కలు ముక్కలుగా పడి ఉండడం చూసి చూసి, ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. తను చుట్టే కార్ఖానాలోనే నాకూ బీడీ కార్డు రాయించాలని. మేస్త్రీతో మాట్లాడి పెట్టింది కూడా. నాన్న సాంచాల మీద పనిచేసేవాడు, అమ్మ మాటకు అడ్డం చెప్పే మనిషి కాదు. నాకు బీడీల పని మీద చిన్నచూపేమీ లేదు, మేం తిన్న అన్నం ఆ చాటలోంచి వచ్చిందే. కానీ కార్డు ఒకసారి చేతికొస్తే రోజూ ఇన్ని కట్టలని అప్పజెప్పాలి. ఇక బల్ల ముందు కూర్చునే మధ్యాహ్నాలు ఉండవు, కొన్నాళ్లకు బల్ల కూడా ఉండదు. అది నాకు తెలుసు. అమ్మకూ తెలుసనుకుంటాను, అందుకే ఆ మాట ఎత్తినప్పుడల్లా నా మొహం చూడకుండా చాటలోకి చూసి మాట్లాడేది.

రాఖీ పున్నమి నాడు మా మార్కండేయుడి ఊరేగింపు జరుగుతుంది. ప్రతి గల్లీ నుంచీ ఒక బండి వస్తుంది. మా గల్లీ బండి మీద ఎప్పుడూ మా పెద్దనాయిన, అంటే నాన్నకు అన్న, తన చేమగ్గంతో సహా ఎక్కి కూర్చునేవాడు. ఊరేగింపు సాగినంతసేపూ నేస్తూనే పోయి, నేసిన ఆ బట్టను చివర్లో దేవుడికి కప్పాలి. ఆ యేడు గల్లీ పెద్ద లవకర్ మామకు ఒక కోరిక పుట్టింది. (లవకర్ అంటే మరాఠీలో తొందరగా అని. ఆయన నోట ఆ మాట తప్ప వేరే మాట తక్కువ కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది.) మగ్గం వెనకాల మార్కండేయుడి బొమ్మ పెట్టాలి. పిల్లవాడు లింగాన్ని కౌగిలించుకుని ఉంటాడు, యముడు దున్న మీద పాశం పట్టుకుని మీదికి వచ్చి ఉంటాడు, చౌక్ రాగానే లింగం వెనక శివుడి దగ్గర దీపం వెలిగి యముడు తనంతట తను వెనక్కి జరిగిపోవాలి. అది ఎవరు చేస్తారని అడిగితే నేను చెయ్యెత్తాను. అమ్మ అక్కడే ఉంది. ఇంటికొచ్చాక చాట ముందు కూర్చుని ఒక కట్టకు సరిపడా బీడీలు చుట్టింది.

"బొమ్మ కదిలితె నీ ఇష్టం బిడ్డా," అంది చివరికి. "నీ బల్ల నీకే, నేను మల్ల అడగ. కదలకుంటె మాత్రం పున్నం ఎల్లిన తెల్లారి నాతోని కార్ఖానాకు రావాలె. కార్డు రాపిచ్చుకోవాలె. తర్వాత ఏడ్వద్దు."

"కదులుతది," అన్నాను.

పాత సామాన్ల బజారులో దొరికిన కారు వైపర్ మోటారు, ఒక సైకిలు చైను, ఆటో బ్యాటరీ. మోటారు తిరిగితే చైను లాగుతుంది, చైను లాగితే చక్రాల పలక మీద దున్నా యముడూ జరుగుతారు. అటు తిప్పితే ముందుకు, ఇటు తిప్పితే వెనక్కి. దానికొక స్విచ్ పెట్టి, ఒకవైపు 'ముందుకు' అనీ రెండోవైపు 'వెనక్కి' అనీ రంగుతో రాశాను. ఇదంతా పెద్దనాయిన మగ్గం ఉన్న గదిలోనే కట్టాను, గల్లీలో అంత చోటు ఇంకెక్కడా లేదు. చిక్కల్లా ఆ గది తలుపుతోనే. ఒక మనిషి పక్కకు తిరిగితే గానీ మరో మనిషి లోపలికి రాలేడు. టెంపో సందు చివర ఆగుతుంది. కాబట్టి బొమ్మను మూడు ముక్కలుగా బయటికి తేవాలి: యముడి పలక, శివుడి పలక, బ్యాటరీ పెట్టె. లోపల వైర్లు ఊడదీయాలి, టెంపో మీద మళ్లీ కలపాలి, అదీ లవకర్ మామ నెత్తి మీద నిలబడి ఉండగా. అందుకని లాగితే ఊడి, నొక్కితే అతుక్కునే కనెక్టర్లు కావాలి. ఏవి కావాలన్నదే ప్రశ్న, ఆ ప్రశ్న మీద నేను వెచ్చించినంత ఆలోచన నా డిప్లొమా మొత్తం మీద వెచ్చించి ఉండను.

ముందు చిన్న తెల్ల ప్లాస్టిక్‌వి తెప్పించాను. ముద్దుగా ఉన్నాయి గానీ మోటారు తిరిగేసరికి వేడెక్కి వాసన కొట్టాయి. తర్వాత బండ్లలో వాడే చదును రేకులవి. అవి గట్టివే, మరీ గట్టివి, ఊడదీయబోతే రేకు ఊడకుండా వైరు ఊడొచ్చింది. తర్వాత గుండ్రటి బుల్లెట్ కనెక్టర్లు. ఇవి హాయిగా దూరతాయి, హాయిగా వస్తాయి, కానీ దేనిలో దేన్నైనా దూర్చవచ్చు. హడావుడిలో ప్లస్సు వైరు మైనస్సులోకి పోయిందనుకోండి, మోటారు ఉల్టా తిరుగుతుంది, యముడు వెనక్కి పోవాల్సింది పోయి పిల్లవాడి మీదికి వస్తాడు. ఊరేగింపులో యముడు గెలిస్తే మా గల్లీ మళ్లీ తలెత్తుకోగలదా. చివరికి పసుపు రంగువి దొరికాయి, ఎగిరే బొమ్మ విమానాలు చేసుకునేవాళ్లు వాడేవి. వాటికి ఒక పక్క మూలలు చెక్కినట్టు ఉంటాయి, అందుకని ఒక్క తీరుగానే దూరతాయి. తప్పుగా పెట్టాలని మొండికేసినా పెట్టలేం. వాటిని చూసి నేను పొందిన ఆనందం చెప్పుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆ ధీమాతోనే ఇంకో పని చేశాను. తప్పు జరిగే అవకాశమే లేనప్పుడు రంగురంగుల వైర్లు దేనికని, మొత్తం బొమ్మకు ఒకే చుట్టలోని ఎర్ర వైరు వాడేశాను. ప్లస్సూ ఎరుపే, మైనస్సూ ఎరుపే.

పెద్దనాయినకు కూడా చూపించాను. ఒక పసుపు జత కలిపి ఇచ్చి, లాగమన్నాను. లాగాడు, ఊడొచ్చింది. మళ్లీ కలిపాడు, మళ్లీ లాగాడు. నా వైపు జాలిగా చూశాడు.

"అతికినంక ఊడొస్తె అది అతుకెట్లయితది బిడ్డా?"

"ఊడాల్నే పెద్దనాయినా. ఊడుడే దీని గొప్ప."

"ఏమో మరి," అని కనెక్టర్ నా చేతిలో పెట్టి మగ్గం మీదికి పోయాడు. ఆయన బతుకంతా తెగిన పోగు కనబడితే మగ్గం ఆపి అతికినవాడు. పడుగు అయిపోతే కొత్త పడుగును పాతదానికి ఒక్కో పోగూ బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టి అతికేవాడు, ఆ అతుకు మళ్లీ ఊడడమంటే నేతగాడికి తలవంపు. ఇదంతా నాకు తెలిసిందే, పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. అయినా ఆ మాట అక్కడితో వదిలేసి మోటారుకు నూనె వేసుకున్నాను.

పున్నమి పొద్దున్నే లేచి, ఒకసారి అంతా కలిపి నడిపి చూసుకున్నాను. యముడు బుద్ధిగా వెనక్కి పోయాడు. కనెక్టర్లన్నీ ఊడదీసి, మూడు ముక్కలనూ విడివిడిగా తలుపు దగ్గరికి జరిపి, వైర్లు వేలాడుతుండగా వదిలేసి, అమ్మతో కలిసి గుడికి పోయాను. దేవుడి ముందు నేను ఏం మొక్కుకున్నానో అమ్మకు తెలుసు, అమ్మ ఏం మొక్కుకుందో మాత్రం నాకు తెలియదు. తిరిగొచ్చేసరికి సందు చివర టెంపో వచ్చి ఆగింది. లవకర్ మామ తలపాగా చుట్టుకుని చేతులూపుతున్నాడు. దూరంగా మొదటి బండ్ల డప్పులు వినిపిస్తున్నాయి. నేను పరుగున లోపలికి పోతే, పెద్దనాయిన కొత్త జంధ్యం వేసుకుని, నుదుట విభూతి పెట్టుకుని, శివుడి పలక పక్కన తృప్తిగా కూర్చుని ఉన్నాడు. ఆయన వేళ్లకు బూడిద ఉంది. నా వైర్లకూ ఉంది.

"దేవుని బండి మీదికి తెగిన పోగు ఎక్కద్దు బిడ్డా," అన్నాడు. "నువ్వేమొ గుడికి పోతివి. ఏడ జూసినా పోగులే ఏలాడుతున్నయి. ఇగ నేనే కూసోని అన్ని అతికిన. గుంజి చూడు ఎంత గట్టిగున్నయో."

గుంజి చూశాను. ఏనుగును కట్టినా ఊడవు. యముడి పలక నుంచి బ్యాటరీ పెట్టెకూ, పెట్టె నుంచి శివుడి పలకకూ, ప్రతి వైరూ చక్కగా పైతొడుగు గీకి, మెలిపెట్టి, మడిచి, మళ్లీ మెలిపెట్టి ఉంది. అంటే మూడు ముక్కలూ కలిసి ఇప్పుడు ఒకే బొమ్మ. ఆ ఒకే బొమ్మ ఈ తలుపులోంచి బయటికి రావాలి.

"మరి ఆ పసుపుపచ్చ ముక్కలు పెద్దనాయినా?" అని అడిగాను.

"గవా. ఊడిపొయ్యేటివి ఎందుకని కోసి తీసిన. ఇందాక ఘంటాగాడి వచ్చింది, కచరాల ఏసిన."

చెత్తబండి గంట కూడా ఆ పాటికి వినిపించడం మానేసింది. ఆ కనెక్టర్ల కోసం నేను పడ్డ పాట్లన్నీ మునిసిపాలిటీ కచరాలో కలిసి ఎటో పోయాయి. పెద్దనాయిన మీద కోపం వచ్చింది, ఆయన మొహం చూస్తే పోయింది, మళ్లీ వచ్చింది. బయటి నుంచి "లవ్‌కర్, లవ్‌కర్" అని అరుపు. గల్లీ మగవాళ్లు లోపలికి వచ్చి, బొమ్మను పక్కకు తిప్పారు, నిలువుగా తిప్పారు, యముడి కొమ్ముల కిరీటం తలుపు చట్రానికి తట్టుకుంది. తలుపు ఊడదీద్దామని ఒకరన్నారు, గోడ కొంచెం కొడదామని ఇంకొకరన్నారు. మగ్గాన్ని మాత్రం విప్పిన కర్రలు విప్పినట్టే అవతల టెంపో ఎక్కించి బిగించేశారు, దానికి ఏ బాధా లేదు. డప్పులు మా గల్లీ మలుపు దాకా వచ్చేశాయి. నేను కత్తెర తీసుకుని, పెద్దనాయిన చూస్తుండగానే, ఆయన అతుకులన్నీ ఒకటొకటే కత్తిరించాను. ఆయన జంధ్యం సవరించుకుని బయటికి నడిచాడు.

టెంపో మీదికి ముక్కలు ఎక్కాక నా ముందు ఎర్రటి కొసలు. అన్నీ ఎర్రవే. ఏది ప్లస్సో ఏది మైనస్సో చెప్పాల్సిన పసుపు ముక్కలు లేవు. ఒకసారి కలిపి నడిపి చూసుకుందామంటే టెంపో కదిలిపోయింది. నేను నిలబడలేక యముడి దున్న కాళ్లకు ఆనుకుని, దేవుడా నువ్వే చూసుకో అనుకుంటూ, చేతికొచ్చిన వైరును చేతికొచ్చిన వైరుతో మెలిపెట్టి టేపు చుట్టాను. ముందువైపు పెద్దనాయిన మగ్గం మీద కూర్చుని నాడె విసరడం మొదలుపెట్టాడు. ఒక్కసారి వెనక్కి తిరిగి, "గట్టిగ మెలిపెట్టినవా?" అని అడిగాడు. పెట్టానన్నాను. ఆ మాత్రానికే ఆయన మొహం విప్పారింది.

కొంతం చౌక్ దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. మేడల మీద ఆడవాళ్లు, అరుగుల మీద ముసలివాళ్లు. ముందు వరసలో మా అమ్మ, కొంగు నడుముకు దోపుకుని, కన్నార్పకుండా బొమ్మనే చూస్తూ. టెంపో ఆగింది. శంఖం ఊదారు. నేను దీపం స్విచ్ వేశాను, శివుడి వెనక వెలుగు వచ్చింది, జనం చేతులు జోడించారు. మోటారు స్విచ్‌ను 'వెనక్కి' వైపు నొక్కాను. యముడు ముందుకు బయలుదేరాడు.

మొదట నాకు అర్థం కాలేదు. ఇంకా గట్టిగా నొక్కాను, 'వెనక్కి' అని అక్షరాలా రాసి ఉంది కదా అని. యముడు ఇంకా ఉత్సాహంగా ముందుకు జరిగాడు. పాశం వచ్చి పిల్లవాడి మెడలో పడింది, దున్న మూతి లింగానికి తగిలి లింగం పక్కకు ఒరిగింది. జనంలో జోడించిన చేతులు జోడించినట్టే ఉండిపోయాయి. ఒక ముసలాయన, "అరే, గిదేంది, పోరడు సచ్చిపోతడా ఏంది ఈసారి," అన్నాడు ఆందోళనగా. లవకర్ మామ మొదటిసారి తన మాట మరచిపోయి నోరు తెరుచుకు నిలబడ్డాడు. నేను అమ్మ వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేకుండానే కార్ఖానా గేటూ, మేస్త్రీ, కార్డూ అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

బొమ్మ కింద చుట్టూ కట్టిన ఎర్రగుడ్డ పైకెత్తి లోపలికి దూరాను. స్విచ్ పెట్టెలోంచి మోటారు వైర్లు రెండూ పీకేసి, కొసలు రెండు చేతుల్లో పట్టుకుని, తారుమారు చేసి, నేరుగా బ్యాటరీ మీద పెట్టాను. చిటపటమని నిప్పురవ్వలు వేళ్ల మీద పడ్డాయి. పైన చైను మూలిగింది. బయట చౌకంతా హరహర మహాదేవ అని మోగింది. యముడు వెనక్కి పోతున్నాడన్నమాట. ఇక ఆ గుడ్డ కింది నుంచి నేను బయటికి రాలేదు. టెంపో కదిలితే చేతులు మార్చి యముణ్ని ముందుకు తెచ్చుకోవడం, చౌక్ వస్తే మళ్లీ మార్చి వెనక్కి పంపడం. వైరు వేడెక్కినప్పుడు ఒక చెయ్యి, తర్వాత ఇంకో చెయ్యి ఊదుకునేదాన్ని. అన్ని రకాల కనెక్టర్లూ పరీక్షించిన మనిషిని, చివరికి నేనే కనెక్టర్నై దున్న కడుపు కింద కూర్చున్నాను. ఎక్కడో దారిలో గుడ్డ అంచు కొంచెం లేచింది. అమ్మ మొహం. టెంపో పక్కనే నడుస్తూ వస్తోంది. నా చేతుల వైపు చూసింది, గుడ్డ వదిలేసింది. పెద్దనాయిన నాడె చప్పుడు ఒక్కసారి కూడా ఆగకుండా గుడి దాకా వచ్చింది, ఆయన బట్ట దేవుడి మీదికి చేరింది.

తెల్లారి బల్ల మీద బ్యాటరీ పెట్టె పెట్టుకుని విప్పుతున్నాను. కదలడం కదిలింది గానీ అమ్మ కళ్ల ముందే ఉల్టా కదిలింది, కాబట్టి మాట ప్రకారం నేను ఓడినట్టేనని రాత్రే నాకు నేను చెప్పుకున్నాను. అమ్మ కట్టలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది, వచ్చాక నన్ను తీసుకుపోతుంది. ఊరికే కూర్చోలేక స్విచ్‌ను టకటకా నొక్కుతున్నాను. వెనక్కి, ముందుకు. వెనక్కి, ముందుకు. అప్పుడు తోచింది. వైర్లు తారుమారైతే ఏం, నేను 'ముందుకు' అని నొక్కితే యముడు వెనక్కే పోయేవాడు. చౌక్‌లో చేయాల్సిందల్లా స్విచ్‌ను అటు కాకుండా ఇటు నొక్కడం. అంతే. నేను కాలిన వేళ్లను చూసుకుంటూ బల్ల మీద తల పెట్టుకున్నాను.

అమ్మ వచ్చింది. సంచి కింద పెట్టి, చెంబుతో నీళ్లు తాగింది. నేను చెప్పులు వేసుకున్నాను.

"ఏడికి?" అంది.

"కార్డుకు. పోదాం పా."

"నేను పొయ్యే వచ్చిన." చాట తీసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. "మేస్త్రీ అడిగిండు, నీ బిడ్డ ఏదని. మా బిడ్డకు చేతులు ఖాళీ లేవని చెప్పిన."

నేను చెప్పులతోనే గుమ్మంలో నిలబడ్డాను. "గని బొమ్మ ఉల్టా కదిలె గదనే అమ్మా," అన్నాను.

"కదలాలె అన్న," అంది అమ్మ, ఆకు కత్తిరిస్తూ. "ఎటు కదలాల్నో నేనేమన్న చెప్పిన్నా?" ఇంకా నా వైపు చూడకుండానే, "ఇటు రా. ఆ ఏళ్లకు ఎన్న రాస్త," అంది.

స్విచ్ సంగతి ఆమెకు అప్పుడు చెప్పలేదు. చాన్నాళ్లకు చెబితే, చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. ఇప్పుడు నాకు హోట్గి రోడ్డులో సాంచాల మోటార్లూ ప్యానెళ్లూ బాగుచేసే చిన్న షాపు ఉంది, పొద్దంతా వైర్ల మధ్యే గడుస్తుంది, రంగురంగుల వైర్లు వాడతాను. పని లేని వేళ ఒక్కోసారి ఆ గుడ్డ కింద చెమటలు కక్కుతూ, చేతులు మార్చుకుంటూ కూర్చున్న పిల్ల గుర్తొస్తుంది. ఎవరైనా వంగి ఆ పిల్ల చెవిలో, స్విచ్ ఇటు నొక్కవే పిచ్చిదానా అని చెప్పి ఉంటే బాగుండేది కదా అనిపిస్తుంది. వెంటనే, చెప్పకపోవడమే మంచిదయిందనీ అనిపిస్తుంది. చెప్పి ఉంటే ఆ రోజు మా అమ్మ బొమ్మను మాత్రమే చూసి ఇంటికి పోయేది.